ఇంకో బీరువా కొనే ముందు మంచం కిందకి ఒకసారి చూడండి

ప్రశ్న: అమ్మా, మాది కూకట్‌పల్లిలో సింగిల్ బెడ్‌రూం పోర్షన్. అద్దె ఇల్లు. నేను, మావారు, ఐదో తరగతి చదివే పాప, యూకేజీ బాబు ఉంటాం. పోయిన ఏడాది మామగారు కాలం చేశాక, తెనాలి దగ్గర ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసి అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చేశారు. ఆవిడతో పాటు రెండు ట్రంకు పెట్టెలు, ఇత్తడి బిందెలు, గుండిగలు, ఆవకాయ జాడీలు, నాలుగు పరుపులు వచ్చాయి. ఇప్పుడు హాల్లో నడవడానికి దారి లేదు. పాప మంచం మీద బోర్లా పడుకుని హోంవర్క్ రాస్తోంది. మావారు ఇంకో బీరువా కొందామంటున్నారు. దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలియడం లేదు. ఓనరుగారు గోడకి మేకు కొట్టనివ్వరు. అత్తయ్యగారి సామాను మాట ఎత్తితే చాలు, ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. రోజూ సర్దుతూనే ఉన్నాను, సాయంత్రానికి మళ్ళీ మామూలే. టెన్షన్‌తో పిల్లల మీద అరుస్తున్నాను. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు బీరువా సంగతి తేల్చేద్దాం. కొనకండమ్మా. కనీసం ఇప్పుడు కొనకండి.

మామూలు ఇనప బీరువా ఆరున్నర అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉంటుంది. లెక్కేస్తే అందులో దాదాపు 29 ఘనపుటడుగుల చోటు. మీ మంచం 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉందనుకుందాం. దాని కింద అడుగు ఎత్తు ఖాళీ ఉంటే 30 ఘనపుటడుగులు. అంటే మీవారు కొందామంటున్నారని మీరు రాసిన ఆ బీరువా మీ పడగ్గదిలో ఇప్పటికే ఉంది. ప్రస్తుతం దాని నిండా ఏముందో నేను ఊహించగలను. విరిగిన బొమ్మ కారు, ఒక పాత సూట్‌కేసు, తెగిన చెప్పులు, దుమ్ము.

కొత్త బీరువా వస్తే అది నిలబడే నాలుగున్నర చదరపు అడుగులు మాత్రమే పోవు. తలుపులు తెరుచుకోవాలంటే ముందు ఇంకో అంత నేల ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. మీ హాల్లో పాప కూర్చుని రాసుకోవాల్సిన చోటు సరిగ్గా అంతే. చిన్న ఇంట్లో సామానుకి చోటు వెతుకుతూ మనం నేలను పోగొట్టుకుంటాం. నా దృష్టిలో కాపాడుకోవాల్సింది నేలనే. పెద్ద ఇంట్లో భోజనానికి ఒక గది, చదువుకి ఒక గది, పడకకి ఒక గది. మీ ఇంట్లో ఆ మూడూ ఒకే నేల మీద పూటకొకటిగా జరగాలి. పొద్దున టిఫిను తిన్న చోటే సాయంత్రం పుస్తకాలు, అక్కడే రాత్రి పక్కలు. ఆ నేల మీద ఒక మూట శాశ్వతంగా కూర్చుందంటే మూడు పనులకీ అడ్డమే.

నాకిది పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. పెళ్ళయిన కొత్తలో విజయవాడ సత్యనారాయణపురంలో రెండు గదుల వాటాలో ఆరుగురం ఉండేవాళ్ళం. పొద్దున ఆరున్నరకల్లా పక్కలన్నీ చుట్టి ట్రంకు పెట్టెల మీద పేర్చి, పైన ఒక రంగు దుప్పటి కప్పేవారు మా అత్తగారు. వచ్చినవాళ్ళు దాని మీదే కూర్చునేవారు. మడత మంచం గోడకి చేరేది. తడి బట్టలు పైన దండెం మీదికి, సంచులు చిలక్కొయ్యలకి. ఏడు గంటలకి నేల మీద చీపురు ఎక్కడా ఆగకుండా తిరిగేది. అదే ఆవిడ కొలత. "చీపురు ఆగిందంటే అక్కడ ఏదో ఉండకూడనిది ఉంది" అనేవారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇంతకంటే మంచి కొలత నాకు దొరకలేదు.

కాబట్టి ఏదీ కదపక ముందు ఒక పని చేయండి. పాప దగ్గర సుద్దముక్క తీసుకుని హాల్లో నేల మీద గీతలు గీయండి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పాప ఎక్కడ కూర్చోవాలి, ఎనిమిదిన్నరకి అయిదుగురూ ఎక్కడ కూర్చుని తినాలి, పదింటికి ఎవరి పక్క ఎక్కడ పడాలి. అత్తయ్యగారు రాత్రి లేచి బాత్రూంకి వెళ్ళే దారి కూడా గీయండి, ఆ దారిలో కాలికి ఏదీ తగలకూడదు. పెద్దవాళ్ళు పడితే తుంటి ఎముక విరగొచ్చు. ఈ గీతల్లో పడిన వస్తువులే మీ సమస్య. మిగతావాటి జోలికి ఈ వారం వెళ్ళకండి.

ఇంకో జాగ్రత్త. సర్దడం మొదలుపెట్టే ముందే మామగారి కాగితాలన్నీ వెతికి ఒకచోట చేర్చండి. మరణ ధృవీకరణ పత్రం, పొలం పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకాలు, ఎల్‌ఐసీ బాండ్లు, కరెంటు, ఇంటి పన్ను రసీదులు. ఊళ్ళో ఇళ్ళలో ఇవి ట్రంకు అడుగున పరిచిన పేపరు కింద, పాత పంచాంగంలో, దేవుడి పటం వెనక ఉంటాయి. పాత పాస్‌బుక్కులో డబ్బు లేదనుకుని పారేయకండి. పదేళ్ళు ఎవరూ ముట్టని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి బదిలీ అవుతాయి, అయినా వారసులు ఆ బ్యాంకు ద్వారానే అడిగి తీసుకోవచ్చు. అన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఇప్పుడున్న బీరువా లాకర్లో ఉంచండి. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి డిజీలాకర్‌లోనూ పెట్టుకోవచ్చు గానీ, చదువు సర్టిఫికెట్ల అసలు ప్రతులు మాత్రం ఈ ఫైల్లోనే ఉండాలి.

ఇక పరుపులు. మీరు రాసిన సామానులో ఎక్కువ చోటు మింగేవి ఇత్తడి కాదు, ఇవే. అవి దూది పరుపులే అయితే అదృష్టం. దూది ఏకేవాళ్ళకి ఇచ్చి, నాలుగు పరుపుల దూదితో చుట్టి పక్కన పెట్టుకునే పల్చటి పరుపులు మూడు కుట్టించుకోండి. పిల్లలిద్దరికీ ఒక్కోటి, అత్తయ్యగారికి కాస్త మందంగా ఒకటి. మిగిలిన దూది దిండ్లకి సరిపోతుంది. వాటిని పొద్దున చుట్టేస్తే హాల్లో గోడకి ఆనుకుని కూర్చునే బాలీసులవుతాయి. చుట్టాలొస్తే వాడే దుప్పట్లని పెద్ద గలీబుల్లో కుక్కి దిండ్లలా పెట్టుకోవచ్చు. దుప్పటికి విడిగా ఒక అర అక్కర్లేదు. అత్తయ్యగారు కింద పడుకుని లేవలేకపోతే మాత్రం ఆవిడకి మంచమే ఇవ్వండి, మోకాళ్ళ దగ్గర సర్దుబాటు చేయమనకూడదు.

మంచం ఎత్తు కొలవండి. కింద ఆరేడు అంగుళాలే ఉంటే వడ్రంగి దగ్గర నాలుగు చెక్క దిమ్మలు చేయించి కాళ్ళ కింద పెట్టండి. కాలు జారకుండా దిమ్మ పైన గుంట తీయించాలి, ఉత్త ఇటుకలు పెట్టకండి. అడుగున్నర ఎత్తు వస్తే ఒక ట్రంకు పెట్టె నిక్షేపంగా లోపలికి పోతుంది. గోడ వైపు లోతుగా ఏడాదికోసారి తీసేవి, మన చేతి వైపు నెలకోసారి తీసేవి పెట్టుకోవాలి. బాత్రూం గోడ పడగ్గదికి ఆనుకుని ఉంటే ఆ వైపు రెండు మూడంగుళాలు వదిలేయండి. వానాకాలంలో ఆ గోడ చెమ్మ పట్టి, ట్రంకు తుప్పు పట్టి, లోపల బట్టలకి మచ్చలొస్తాయి.

వంటగది మీదా, పడగ్గదిలోనూ మీకు సజ్జలు ఉండే ఉంటాయి. సజ్జ మీద బరువులు పెట్టకండి. స్టూలు మీద నిలబడి రెండు చేతులూ పైకెత్తి ఇత్తడి బిందె దించడం ప్రమాదం. పైకి తేలికైనవి, కిందకి బరువైనవి. సజ్జ మీద సాధారణంగా ఏముంటాయంటే, టీవీ, మిక్సీ, కుక్కరు వచ్చిన అట్టపెట్టెలు. గ్యారంటీకి చాలావాటికి కావాల్సింది బిల్లు గానీ పెట్టె కాదు. ఆ అట్టల జిగురు బొద్దింకలకి తిండి, అట్ట మడతలు వాటికి ఇల్లు. మీరు అద్దె ఇల్లు మారేటప్పుడు టీవీ పెట్టె ఒక్కటీ పనికొస్తుంది, దాన్ని విప్పి చదునుగా చేసి బీరువా వెనక దూర్చండి. మిగతావి పాత పేపర్లవాడికి వేసేయండి. సగం సజ్జ ఖాళీ అవుతుంది.

వంటగదిలో నాకు అన్నిటికంటే భయం గ్యాసు సిలిండరు గురించి. చోటు చాలని ఇళ్ళలో చాలామంది గట్టు కింద సిలిండరు పెట్టి, ముందు కర్టెన్ కట్టి, దాని చుట్టూ ఉల్లిపాయల బుట్ట, పాత పేపర్లు, నూనె క్యాన్లు కుక్కుతారు. వంటగ్యాసు గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, కిందే పేరుకుంటుంది. అందుకే అక్కడ గాలి ఆడాలి, చేయి చటుక్కున రెగ్యులేటరు మీదికి పోవాలి. రెండో సిలిండరు ఉంటే నిలువుగానే, మూత బిగించి, గాలి తగిలే చోట పెట్టాలి. పడుకోబెట్టకూడదు, మంచం కింద, మూసిన అలమరలో అసలే పెట్టకూడదు. రబ్బరు ట్యూబు మీద తేదీ చూడండి, అయిదేళ్ళకి మార్చాలి. లీకు అనుమానం వస్తే 1906కి ఫోన్ చేయాలని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. చోటు కోసం ఇంట్లో ఏం త్యాగం చేసినా ఫర్వాలేదు, సిలిండరు చుట్టూ ఖాళీని మాత్రం చేయకండి.

బియ్యం బస్తా నేల మీద పెట్టుకునే అలవాటు ఉంటే మానేయండి. 2022లో 25 కిలోల వరకూ ఉండే బస్తాలకి జీఎస్టీ వేశాక మన దగ్గర 26 కిలోల బస్తాలు మామూలైపోయాయి. కిలో బియ్యానికి లీటరుంబావు చోటు వేసుకుంటే 26 కిలోలకి ముప్పై రెండున్నర లీటర్లు. 40 లీటర్ల మూతున్న స్టీలు డబ్బా ఒకటి ఉంటే బస్తా మొత్తం పడుతుంది, పురుగూ పట్టదు, గట్టిది చూసి కొంటే దాని మీద కూర్చుని కూరగాయలు తరుక్కోవచ్చు కూడా. పప్పులూ పిండ్లూ మాత్రం నెలకి సరిపడా కొంటే చాలు. కూకట్‌పల్లిలో వీధికో కిరాణా కొట్టు ఉంది, కందిపప్పు అయిదు కిలోలు మన ఇంట్లో నిలవ ఉండాల్సిన పని లేదు. ఊళ్ళో ఏడాదికి సరిపడా నిలవ చేసే అలవాటు పంటతో వచ్చింది. అత్తయ్యగారికి ఇది కొత్తగా, లోటుగా అనిపిస్తుంది. నెమ్మదిగా చెప్పండి.

గుండ్రటి డబ్బాలు పక్కపక్కన పేరిస్తే అరలో అయిదో వంతు చోటు మధ్య ఖాళీల్లో పోతుంది. అలాగని ఉన్న స్టీలు డబ్బాలు తీసేసి చదరం ప్లాస్టిక్ డబ్బాలు కొనమని నేను చెప్పను. ఆ మధ్య సందుల్లో మసాలా సీసాలు నిలబెట్టుకోండి. పళ్ళేలు మీ అయిదుగురికీ, వచ్చేవాళ్ళ కోసం ఇంకో నాలుగు, మొత్తం తొమ్మిది చాలు. పెళ్ళిలో వచ్చిన డిన్నరు సెట్లు ఎన్ని ఉన్నా ఒకటి ఉంచుకుని మిగతావి శుభకార్యాలకి ఇచ్చేయండి. పెట్టె విప్పకుండా పదేళ్ళు దాచిన సెట్టు ఇక మనం విప్పం.

మేకు కొట్టనివ్వరన్నారు. తలుపు పై అంచుకి తగిలించే కొక్కేల వరస దొరుకుతుంది, దానికి మేకు అక్కర్లేదు. ప్రతి తలుపు వెనకా ఒకటి వేయండి. కిటికీ గ్రిల్లుకి ఎస్ ఆకారం కొక్కేలు పెట్టి సంచులు, గొడుగులు తగిలించవచ్చు. అంటించే కొక్కేలు వంటగది టైల్స్ మీద బాగా పట్టుకుంటాయి. సున్నం, డిస్టెంపరు గోడల మీద మాత్రం నాలుగు రోజులకి పొరతో సహా ఊడి వస్తాయి, అక్కడ డబ్బు దండగ చేసుకోకండి. అన్నిటికంటే మీకు పనికొచ్చేది కిరాణా కొట్లలో ఉండే ఇనప ర్యాక్. 3 అడుగుల వెడల్పు, అడుగు లోతు, గోడ ఎత్తున అయిదారు అరలు. బీరువాలా తలుపులు తెరవక్కర్లేదు కాబట్టి ముందు ఖాళీ అడగదు, అరల ఎత్తు మన ఇష్టం. కానీ యూకేజీ బాబు ఉన్న ఇల్లు. అరలే మెట్లుగా ఎక్కేస్తాడు. ర్యాక్‌ని కిటికీ గ్రిల్లుకి తీగతో గట్టిగా కట్టకుండా ఒక్క రోజు కూడా వదలకండి.

ఓనరుగారిని ఇంకోసారి అడగండి కూడా. వాళ్ళకి భయం మేకు గురించి కాదు, పెచ్చులూడిన గోడ గురించి. "ఒక్క గోడకి నాలుగు రంధ్రాలు డ్రిల్లుతో వేయిస్తాం, ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టించి రంగు వేయించి ఇస్తాం, లేదా షెల్ఫు మీకే వదిలేస్తాం" అని స్పష్టంగా చెబితే ఒప్పుకునేవాళ్ళని చాలామందిని చూశాను. ఒప్పుకుంటే ఆ మాట వాట్సాప్‌లో ఒక లైను రాయించుకోండి.

బట్టల గురించి ఒక్కటే గట్టిగా చెబుతాను. ట్రంకు పెట్టెల్లో కలరా ఉండలు ఉంటే తీసేయండి. అయిదుగురు పడుకునే చిన్న ఇంట్లో రాత్రంతా ఆ వాసన పీల్చడం మంచిది కాదు, చిన్న పిల్లలు బిళ్ళలనుకుని నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. పురిటి పిల్లల బట్టల్లో అయితే అసలు వద్దు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పసిపిల్లలకి వాటివల్ల ఎర్ర రక్తకణాలు చితికి తీవ్రమైన కామెర్లు రావచ్చు. నీడన ఎండబెట్టిన వేపాకు పల్చటి గుడ్డలో కట్టి పెట్టండి. జరీ చీరలు ప్లాస్టిక్ కవర్లలోంచి తీసి పాత నూలు పంచెలో చుట్టండి. మూడు నాలుగు నెలలకోసారి నీడపట్టున గాలికి ఆరేసి మడత మార్చండి, ఒకే మడత మీద ఉంటే జరీ అక్కడే తెగుతుంది. రోజువారీ పాత బట్టలు వీధిలోకి వచ్చే స్టీలు సామాన్లవాళ్ళకి వేయవచ్చు, కానీ బదులుగా ఇంకో గిన్నె తీసుకోకండి. ఒక చెంబు తగ్గించడానికి మనం ఇంత కష్టపడుతున్నాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను పట్టి కూర్చోబెట్టింది అత్తయ్యగారి కళ్ళలో నీళ్ళ గురించి మీరు రాసిన వాక్యం.

ఆవిడ భర్త పోయారు, ఇల్లు పోయింది, ఊరు పోయింది. పక్కింటి పలకరింపు, పెరట్లో కరివేపాకు చెట్టు, రామాలయం గంట కూడా పోయాయి. మిగిలింది ఆ బిందెలూ గుండిగలే. వాటి మీద పేర్లు కొట్టించి ఉంటాయి, చూడండి. ఏ పెళ్ళికి ఎవరు పెట్టారో, ఏ ఏడు పంట బాగా వస్తే కొన్నారో ఒక్కో దాని మీద రాసి ఉంటుంది. మీకు అవి అడ్డంగా కనిపించడం తప్పు కాదు, అయిదుగురికి వండిపెట్టి ఆ ఇరుకులో తిరిగేది మీరు. ఆవిడకి అవి ఇల్లులా కనిపించడమూ తప్పు కాదు. కాబట్టి "వీటిలో ఏవి తీసేద్దాం అత్తయ్యా" అని అడగకండి. "వీటిలో ఏవి రోజూ వాడుకుందాం అత్తయ్యా" అని అడగండి. జవాబులు వేరుగా వస్తాయి.

మామగారి సంవత్సరీకం ఇంకా కాకపోతే, అది అయ్యేదాకా ఒక్క గిన్నె కూడా ఇల్లు దాటించకండి. ఆలోపు వాటికి పని పెట్టండి. గుండిగలు పెద్దదానిలో చిన్నది పెడితే అన్నీ కలిసి ఒక్క గుండిగ చోటే తీసుకుంటాయి. లేదా పెద్ద గుండిగే ఒక పెట్టె అనుకోండి. లోపల చలికాలం రగ్గులు, స్వెట్టర్లు పెట్టి పైన పళ్ళెం మూసి మూలన పెడితే అది సామాను కాదు, సామాను పట్టే చోటు. జాడీల్లో ఒకటి ఆవకాయకి, ఒకటి మాగాయకి ఉంచుకుని, మిగతాదాంట్లో గింజ తీసిన చింతపండు ఉప్పు చల్లి నొక్కి పెట్టమని ఆవిడకే అప్పగించండి. చిన్న ఇత్తడి గిన్నెలకి కళాయి వేయించి వంటకి తీయండి. కళాయి లేకుండా పులుసు, పులిహోర లాంటి పులుపు పదార్థాలు ఇత్తడిలో చేయకూడదు. కళాయి ఎప్పుడు పోయిందో, మళ్ళీ ఎప్పుడు వేయించాలో మీకంటే ఆవిడకే బాగా తెలుసు. అడగండి. ఈ ఇంట్లో తనకి తెలిసిన పని ఒకటి ఉందని ఆవిడకి అనిపించడం ఇప్పుడు చాలా అవసరం.

ఎలా చూసినా ఈ ఇంట్లో వాడకం లేనివి, వంద మందికి వండే గుండిగ, గంగాళం లాంటివి ఉంటాయి కదా. సంవత్సరీకం అయ్యాక, తూకానికి అమ్మే మాట ఎవరూ ఎత్తక ముందే, ఇంకో దారి ఆవిడ ముందు పెట్టండి. ఊళ్ళో రామాలయానికి మామగారి పేరు కొట్టించి ఇస్తే ఏటా శ్రీరామనవమికి అందులో వండుతారు. లేదా ఆడపడుచులు ఉంటే ఎవరికి ఏది వెళ్ళాలో ఆవిడే చెబుతారు. నిర్ణయం ఆవిడది, ముహూర్తం ఆవిడది. మీరు చాటుగా ఒక్కటి అమ్మినా ఆ సంగతి జీవితాంతం ఇంట్లో ఉంటుంది. ఈ మాటలు మీరు కాకుండా మీవారు మాట్లాడితే మంచిది. కోడలు అంటే సామాను మాటలా వినిపిస్తుంది, కొడుకు పక్కన కూర్చుని అంటే నాన్న మాటలా వినిపిస్తుంది.

రెండు ట్రంకుల్లో ఒకటి పూర్తిగా ఆవిడదే అనండి. తాళం ఆవిడ కొంగుకే ఉండాలి. అందులో ఏముందో ఎవరూ అడగకూడదు. మిగిలిన ఇల్లంతా అందరిదీ అయినప్పుడు, ఆ ఒక్క పెట్టె అయినా తనదని ఉండాలి.

రోజూ సర్దినా సాయంత్రానికి మళ్ళీ అలాగే అవుతోందన్నారు. అది మీ బద్ధకం కాదు, పిల్లల అల్లరి కాదు. ఒక వస్తువు తీయడానికి ముందు రెండు వస్తువులు జరపాల్సి వస్తే, అది తిరిగి దాని చోటికి వెళ్ళదు. అలిసిన మనిషి చేతికి అందిన చోట పెట్టేస్తుంది. స్కూలు సంచి కొక్కెం మీ భుజం ఎత్తులో కాదు, బాబు భుజం ఎత్తులో ఉండాలి. చెప్పులకి గుమ్మం పక్కనే అర ఉండాలి. బొమ్మలు ఒక్క బుట్టలో పట్టినన్నే బయట, మిగతావి సజ్జ మీద. నెలకోసారి మార్చండి, పాతవే వాడికి కొత్తగా కనిపిస్తాయి. పాప పోయిన ఏడాది పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేయండి, పాప గీసిన బొమ్మలు ఒక్క ఫైలు ఉంచండి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ ఆదివారం కాగితాలు, మంచం కింద. వచ్చే ఆదివారం సజ్జ. దూది పని ఆ తర్వాత. వంటగది మీకు ఓపిక ఉన్నప్పుడు, సిలిండరు చుట్టూ మాత్రం ఈ సాయంత్రమే ఖాళీ చేయండి.

ఇంకో చిన్న మాట, పాప గురించి. రెండో ట్రంకు మంచం కిందకి తోసేస్తారు కదా, అత్తయ్యగారి ట్రంకుని మాత్రం హాల్లో కిటికీ పక్కన గోడకి వేయండి. అడుగుంబావు ఎత్తుంటుంది. ముందు పీట వేసుకుని కూర్చుంటే రాసుకునే బల్ల అవుతుంది, వెలుతురు ఎడమ వైపు నుంచి పడేలా చూడండి. పెట్టె తీయాల్సిన పని ఉంటే ఆవిడ పొద్దున, పాప స్కూలుకి వెళ్ళాక తీసుకుంటారు. సాయంత్రం మీరు వంటింట్లో ఉంటే, ఎక్కాలు అప్పజెప్పించుకోవడానికి నాయనమ్మ ఎలాగూ ఆ పెట్టె పక్కనే కూర్చుని ఉంటారు.